ధ్యానం యాప్ పక్కన పెట్టండి, ముందు గ్యాస్ సిలిండర్ లెక్క ఎవరిదో తేల్చండి

ప్రశ్న క్లుప్తంగా: వయసు 34. సొంతూరు ప్రొద్దుటూరు, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, హోప్‌ఫార్మ్ దగ్గర. ఆఫీసు బెళ్ళందూరు వైపు, వారంలో మూడు రోజులు వెళ్లాలి. టెస్టింగ్ టీమ్ లీడ్. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు కాలిఫోర్నియా వాళ్లతో కాల్. రెండేళ్ల పాప. పాపను చూసుకోవడానికి నంద్యాల నుంచి అత్తగారు వచ్చి ఉంటున్నారు. భర్తదీ ఐటీ ఉద్యోగమే, "మంచాయనే, అడిగితే చేస్తారు". ధ్యానం యాప్‌కు ఏడాది డబ్బులు కట్టారు, జిమ్‌కు కట్టారు, పొద్దున ఐదింటికి అలారం పెట్టుకున్నారు. ఒక్కటీ నిలబడలేదు. "కళ్లు మూసుకుంటే ఇంటి పనులే గుర్తొస్తున్నాయి. నన్ను నేను చూసుకోవడం కూడా చేతకావడం లేదని బాధగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

జవాబు:

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట, కళ్లు మూసుకుంటే ఇంటి పనులే గుర్తొస్తున్నాయన్నది. దాన్ని మీరు మీ లోపంలా రాశారు. నేను బెంగళూరులో కౌన్సెలింగ్ మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు నుంచి తెలుగువాళ్లు ఎక్కువగా వస్తారు, సొంత భాషలో మాట్లాడుకోవచ్చని. మీ వయసు ఆడవాళ్లు వచ్చి కూర్చుంటే కాసేపటికే ఈ మాట ఏదో ఒక రూపంలో బయటికొస్తుంది. మనసు నిలవడం లేదు మేడమ్, నాలోనే ఏదో తేడా ఉంది అంటారు.

తేడా ఏమీ లేదు. పొద్దుట్నుంచి మీ తలకు అప్పజెప్పిన లెక్కల్లో ఏదైనా తప్పిపోతుందేమోనని, కాస్త ఖాళీ దొరకగానే అది ఒకసారి సరిచూసుకుంటోంది. ఆ లెక్కలు అక్కడ ఉన్నంతకాలం యాప్‌లో ఎంత తియ్యటి గొంతు రిలాక్స్ అవ్వమన్నా అవ్వదు. అందుకని కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. ముందు కొన్ని దించుకోండి. ధ్యానం, వ్యాయామం, అన్నీ దాని తర్వాతే.

ఈ ధ్యానం యాప్‌ల సంగతి ఒక మాట చెప్పి వదిలేస్తాను. ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే ధ్యాస ఉంచడం) పేరుతో అమ్ముతున్నదాంట్లో చాలా భాగం 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మొదలుపెట్టిన కోర్సు నుంచి వచ్చింది. మందులతో తగ్గని నొప్పులతో ఏళ్ల తరబడి బాధపడుతున్న రోగుల కోసం పెట్టిన కోర్సు అది. ఎనిమిది వారాలు, వారానికో క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన. పక్కన టీచరు, తోటివాళ్లు. దాన్ని నలిపి నలిపి పది నిమిషాల ఆడియో చేసి, ఒంటరిగా, అర్ధరాత్రి, ఇయర్‌ఫోన్స్‌లో వినమంటే ఎవరికైనా నిద్రైనా వస్తుంది, చిరాకైనా వస్తుంది. మీకు రెండోది వచ్చింది. డబ్బులు పోయాయని బాధపడకండి, ఆటో రెన్యువల్ మాత్రం ఈరోజే ఆపేయండి.

ఇక అసలు పని. ఈ శనివారం రాత్రి పాప పడుకున్నాక ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఫోన్లో నోట్స్ వద్దు, అక్కడ కూర్చుంటే వాట్సాప్ పిలుస్తుంది. ఇంట్లో మీరు చేసే పనుల్ని కాకుండా మీరు గుర్తుపెట్టుకునే వాటిని రాయండి. అంట్లు తోమడం పని. పనమ్మాయి గురువారం రాదన్న సంగతి మీ తలలో ఉండటం వేరు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, వాటర్ క్యాన్ ఎన్ని ఉన్నాయి, పాప టీకా కార్డులో తర్వాతి తేదీ ఏది, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, ప్లేస్కూల్లో శుక్రవారం పసుపు రంగు గౌను వేయమన్నారు, చిన్నాడపడుచు పెళ్లిరోజు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టాల్సిన ఆఖరి రోజు. ఇలా.

ఒకామె రాసిన కాగితం నాకు బాగా గుర్తుంది. వివరాలు మార్చి చెబుతున్నాను. రెండు వైపులా నిండిపోయింది. మధ్యలో ఒక వరుస: "మామగారి సంవత్సరీకం, మాఘ బహుళ ఏకాదశి, ఇంగ్లీషు తేదీ చూడాలి, ఆయనకు లీవు పెట్టమని చెప్పాలి, అయ్యవారికి ఫోన్". తర్వాతి వారం ఇద్దరూ కలిసి వచ్చారు. ఆ వరుస చదివి భర్త చాలాసేపు మాట్లాడలేదు. పోయింది ఆయన తండ్రి. ఆ తిథి ఆయనకు నోటికి రాదు. పంచాంగం చూసేది, లీవు గుర్తుచేసేది, అరిటాకులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కునేది అన్నీ ఈమే. అతను చెడ్డవాడు కాదు. మీవారిలాగే "చెప్పు, చేసేస్తా" అనే మనిషి. కానీ చెప్పాలంటే ముందు ఒకరికి గుర్తుండాలి కదా. ఆ గుర్తుండటానికి ఇంట్లో ఎవరూ జీతం ఇవ్వరు, థాంక్స్ కూడా చెప్పరు, ఎందుకంటే అది ఎవరికీ కనపడదు.

కాగితం పూర్తయ్యాక దాన్ని మీవారి ముందు పెట్టండి. దెబ్బలాట కోసం పెట్టకండి, ఆదివారం టిఫిన్ అయ్యాక నిమ్మళంగా ఉన్నప్పుడు పెట్టండి. అందులోంచి ఒక నాలుగైదు పూర్తిగా ఆయనకు ఇచ్చేయండి. పూర్తిగా అంటే, గమనించడం దగ్గర నుంచి తెచ్చి పెట్టడం దాకా. గ్యాస్ ఆయనదైతే సిలిండర్ తేలికైందో లేదో ఊపి చూసేది ఆయనే, బుక్ చేసేది ఆయనే, డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే. కనెక్షన్ మీ నంబరు మీద ఉంటే ఆయన నంబరుకు మార్పించండి, లేకపోతే ఓటీపీ మళ్లీ మీకే వస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ఇళ్లల్లో పని మారినా నంబరు మారదు, అక్కడే తిరిగి భార్య నెత్తిన పడుతుంది.

ఆ తర్వాత కష్టమైన భాగం మీది. గుర్తుచేయకూడదు. ఒకసారి సిలిండర్ అయిపోతుంది, ఆ పూట బయటి నుంచి ఇడ్లీ వస్తుంది. అవనివ్వండి. మీరు మధ్యలో దూరి "బుక్ చేశావా" అన్నారంటే పేరుకు పని ఆయనది, లెక్క మీదే. ఆయన పాపకు వేసే బట్టలు రంగు కుదరకపోవచ్చు, ఆయన తెచ్చే బీరకాయలు ముదురుగా ఉండొచ్చు. దానికి మీరు మొహం పెట్టారంటే, రెండో నెలకు అవన్నీ మీ దగ్గరికే తిరిగొస్తాయి. నా దగ్గరకు వచ్చే భర్తల ఫిర్యాదు కూడా ఇదే, "చేస్తే వంకలు పెడుతుంది మేడమ్". అందులో కొంత నిజం, కొంత తప్పించుకునే ఎత్తు. రెండూ ఉంటాయి. మీ ఇంట్లో ఏది ఎక్కువో నాకన్నా మీకే తెలుస్తుంది.

మీ అత్తగారి గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. నేను ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. నంద్యాలలో వీధంతా తెలిసిన మనిషి, ఇక్కడ ఏదో అంతస్తులో, తలుపేసిన ఫ్లాట్లో, రెండేళ్ల పిల్ల వెనక రోజంతా పరుగెడుతున్నారు. పక్కింటివాళ్ల భాష ఆమెకు రాదు, ఆమె భాష వాళ్లకు రాదు. మోకాళ్ల నొప్పులు ఉంటే అవి కూడా చెప్పరు. సాయంత్రం మీరు ఇంటికొచ్చేసరికి ఆమె మొహం ముడుచుకుని ఉంటే అది మీ మీద కోపం కాకపోవచ్చు, అలసట కావచ్చు. ఆ మొహం చూసి మీకు టెన్షన్, మీ టెన్షన్ చూసి ఆమె మరింత బిగుసుకోవడం. ఇది నేను చాలా ఇళ్లల్లో చూశాను. సాయంత్రం ఒక గంట పాపను ఇంకెవరైనా చూసుకునేలా చేసి ఆమెను కిందికి పంపండి. ఈ వైపు అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట తెలుగు పెద్దవాళ్లు కూర్చునే బెంచీ ఒకటి దాదాపు ఎక్కడైనా ఉంటుంది. వంట విషయంలో కూడా, "ఈరోజు ఏం చేయమంటావమ్మా" అని ఆమె మిమ్మల్ని అడుగుతుంటే, ఆ అడగడమే మీకు ఇంకో లెక్క. "అత్తమ్మా, పొద్దుటి కూర మీ ఇష్టం, నన్ను అడగొద్దు, ఏం చేసినా తింటాం" అనేయండి. చాలామంది అత్తగార్లకు ఇది బరువు కాదు, గౌరవం. ఉగ్గాణి, బజ్జీ వారానికి నాలుగుసార్లు వస్తుందేమో. రానివ్వండి.

ఇంకో సంగతి కూడా కనుక్కోండి. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పటి నుంచి 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు పిల్లల కోసం క్రెష్, అంటే పగటిపూట పిల్లల్ని చూసుకునే చోటు, కల్పించాలి. మీ కంపెనీలో గానీ, కంపెనీ ఒప్పందం పెట్టుకున్న చోట గానీ ఉండొచ్చు. హెచ్చార్‌కు ఒక మెయిల్ పెడితే తెలుస్తుంది. రోజూ వద్దనుకున్నా, అత్తగారు ఊరెళ్లిన వారం మీరు లీవు మీద లీవు పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు నిద్ర. రాత్రి కాల్ అయ్యేసరికి పదిన్నర, పడుకునేసరికి పన్నెండున్నర అని రాశారు. మధ్యలో రెండు గంటలు రీల్స్ అని మీరు రాయలేదు, నేనే అనుకుంటున్నాను. తిట్టను. రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ ఏదీ అడగని సమయం అదొక్కటే, దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పదు. ఫోన్ పక్కన పెట్టమని ఎన్ని సలహాలు చదివినా అందుకే పనిచేయవు. అలాంటి సమయం అంతకన్నా ముందు ఎక్కడో దొరికితేనే రాత్రి దాన్ని వదులుకోగలుగుతారు. ఆఫీసుకు వెళ్లే మూడు రోజుల్లో ఆ సమయం మీకు క్యాబ్‌లో ఉంది. పోయేటప్పుడు మీరు మెయిల్స్ చూసుకుంటారని నాకు తెలుసు. కుందలహళ్ళి గేటు దాకా చూసుకోండి. దాటాక ఫోన్ బ్యాగులో. ట్రాఫిక్ పుణ్యమా అని అక్కడి నుంచి ఆఫీసు దాకా సమయానికి కరువుండదు. కిటికీలోంచి చూడండి, పాటలు వినండి, కునుకు తీయండి. ఆ సమయాన్ని పనికొచ్చేలా చేయాలని మాత్రం చూడకండి, పాడ్‌కాస్ట్‌తో సహా.

ఐదింటికి లేవడం గురించి. బ్రాహ్మీ ముహూర్తంలో లేవమన్న పెద్దలు రాత్రి ఎనిమిదిన్నరకు దీపం ఆర్పినవాళ్లు. పన్నెండున్నరకు పడుకుని ఐదింటికి లేస్తే నాలుగున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని వైద్యులు చెబుతారు. కాబట్టి ఆ అలారం తీసేయండి. పడుకునే సమయం మీ చేతుల్లో లేకపోయినా లేచే సమయం ఉంది. పొద్దున ఏడింటికి అనుకుంటే ఆదివారం కూడా ఏడింటికే. లేచిన అరగంటలోపు బాల్కనీలోకి వెళ్లి వెలుతురు కళ్లకు తగలనివ్వండి, ఒంట్లో గడియారాన్ని సరిచేసేది ముఖ్యంగా ఆ వెలుతురే. కాఫీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఐదింటికి దర్శిని హోటల్లో తాగిన ఫిల్టర్ కాఫీలో సగం, మీరు పదింటికి కాల్‌లో ఉన్నప్పుడు కూడా మీతోనే ఉంటుంది.

ఆ కాల్ విషయం మేనేజర్‌తో మాట్లాడాల్సిందే. "స్ట్రెస్‌గా ఉంది" అంటే సానుభూతి చూపిస్తారు, కాల్ మాత్రం అలాగే ఉంటుంది. దానికి బదులు ఒక ప్రతిపాదన తీసుకెళ్లండి. మంగళ, గురువారాలు నేను కాల్‌లో ఉంటాను, మిగతా రోజులు ఏడింటికల్లా రాతపూర్వకంగా హ్యాండోవర్ పంపుతాను, ఏదైనా అత్యవసరమైతే ఫోన్ చేయొచ్చు, నెల రోజులు చూద్దాం. ఇలా చెబితే కాదనడానికి కారణం వెతుక్కోవాలి. టీమ్‌లో ఇంకొకరితో వంతులేసుకోగలిగితే ఇంకా మంచిది. నవంబర్‌లోపు ఈ మాట మాట్లాడండి. వేసవిలో కాలిఫోర్నియా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే పదమూడున్నర అవుతుంది. వాళ్ల పొద్దుటి తొమ్మిది అప్పుడు మీ రాత్రి పదిన్నర. అడక్కపోతే కాల్ దానంతటదే గంట ఆలస్యమైపోతుంది, మీరు మార్చి దాకా ఈడ్చుకొస్తారు.

ఊరి ప్రయాణాలు కూడా లెక్కలోకి తీసుకోండి. శుక్రవారం రాత్రి మారతహళ్ళిలో బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామున దిగి, స్నానం చేసి లాగిన్ అయ్యే వారం తర్వాత మూడు రోజులు ఎవరి మీద విసుక్కున్నా అది ఆ రెండు రాత్రుల బస్సు పుణ్యం. వెళ్లొద్దని అనను. సోమవారం సగం రోజు సెలవు పెట్టుకుని వెళ్లండి.

ఇవన్నీ కొంచెం గాడిన పడ్డాక, ఒక నెల తర్వాతనుకోండి, ధ్యానం సంగతి చూద్దాం. అప్పుడు కూడా పద్మాసనం అక్కర్లేదు. శ్వాసతో మొదలుపెట్టండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఐదు నిమిషాలు చాలు, కాల్‌కు ముందు చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. కొందరికి మాత్రం శ్వాస మీద దృష్టి పెడితే ఆయాసంగా, గాభరాగా ఉంటుంది. మీకలా అయితే బలవంతం చేయకండి. అరికాళ్లు నేలను తాకుతున్న చోట దృష్టి పెట్టండి, లేదా చుట్టూ వినిపించే చప్పుళ్లను ఒక్కొక్కటిగా గమనించండి. ఫలితం అదే.

నన్నడిగితే మన రాయలసీమ వాళ్లకు దీనికన్నా మంచి సాధన ఒకటుంది. డిసెంబరు, జనవరిలో బెంగళూరు మార్కెట్ల నిండా అనపకాయలు కుప్పలు పోస్తారు. ఇక్కడివాళ్లు అవరేకాయి అంటారు, ఊళ్లో ఏటా దానికో మేళా కూడా జరుగుతుంది. ఒక కిలో తెచ్చుకోండి. ఒలిచి, గింజల్ని నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పితకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టుకుని చిన్నగా నొక్కితే తోలు వేళ్లకే అంటుకుని, లోపలి పప్పు టప్పున గిన్నెలోకి దూకుతుంది. కాస్త గట్టిగా నొక్కితే రెండు బద్దలై నేల మీద పడుతుంది, పాప నవ్వుతుంది. కాయ తాలూకు జిడ్డు వేళ్లకు పట్టేసి, ఆ పచ్చి వాసన సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. ఆ చేత్తో ఫోన్ ముట్టుకోవాలనిపించదు, అది అదనపు లాభం. అత్తగారు ఒక పక్క, మీరొక పక్క కూర్చుని గంటసేపు పితికితే గిన్నెడు పప్పు కూడా రాదు. ఆ గంటలో ఆలోచన ఎటైనా పోతుంది, గింజ జారగానే తిరిగి వేళ్ల దగ్గరకు వస్తుంది. ధ్యానం నేర్పే టీచర్లు మనసు దారి తప్పినప్పుడు విసుక్కోకుండా వెనక్కి తీసుకురమ్మని చెప్పేది సరిగ్గా దీని గురించే. సీజను కాకపోతే గోరుచిక్కుళ్లు ఈనెలు తీయండి, బట్టలు మడతపెట్టండి. ఒక్కటే షరతు: ఆ సమయంలో టీవీ, ఫోన్ ఉండకూడదు, తొందర ఉండకూడదు. ఏడాదికోసారి వచ్చే పితికిపప్పు కూర ఎటూ ఉంటుంది.

వ్యాయామం గురించి ఎక్కువ చెప్పను. వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంగా నడవడం లాంటిది చేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. జిమ్ దానికి తప్పనిసరి కాదు. ఆదివారం పొద్దున మీకో సుఖం ఉంది: పర్పుల్ లైన్ మెట్రో మీ హోప్‌ఫార్మ్ నుంచి ఎక్కడా మారక్కర్లేకుండా కబ్బన్ పార్కు దాకా వెళ్తుంది. ఆదివారాలు పార్కు లోపలి రోడ్ల మీద వాహనాలను వదలరు, పాపను నేల మీద వదిలేయొచ్చు. నెలలో ఒక ఆదివారం మాత్రం పాపను వాళ్ల నాన్నకు వదిలేసి మీరొక్కరే వెళ్లండి. మొదటిసారి తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. రెండోసారి తక్కువ.

ఇక మీరు అడగని విషయం. మీరు చెప్పే అలసటంతా మనసుదే అని నేను అనుకోవడం లేదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. వైట్‌ఫీల్డ్‌లో ఉన్నంత మాత్రాన మీరు ఆ లెక్కలోంచి బయటపడరు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డీ, షుగర్ ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్ కాన్పు తర్వాత కొందరికి తేడా చేస్తుంది. శాకాహారులైతే బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. ఇనుము తక్కువుంటే నాలుగు మెట్లెక్కినా ఆయాసం, ఏకాగ్రత కుదరకపోవడం, చిరాకు అన్నీ ఉంటాయి, దానికి ఏ ధ్యానమూ పనిచేయదు. భోజనంతో పాటు గానీ వెంటనే గానీ కాఫీ, టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. మాత్రలు మాత్రం రిపోర్టు చూసి డాక్టరు చెప్పాకే.

మీది ఉద్యోగ అలసటా, డిప్రెషనా అన్నది ఇంత దూరం నుంచి చెప్పలేను. కానీ మీరు గమనించుకోవడానికి ఒక దారి చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను (ఉద్యోగ అలసటను) తన జబ్బుల వర్గీకరణ జాబితాలో పెట్టినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, సరిగా సంభాళించని ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితి అంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, ఉద్యోగం మీద విరక్తి, చేసే పని సరిగా చేయలేకపోతున్నామనిపించడం. అది ఆఫీసు చుట్టూనే తిరుగుతుంది, నాలుగు రోజులు ఊరెళ్తే కొంత తేలికపడుతుంది. అలా కాకుండా ఊరెళ్లినా, పాప ముద్దు పెట్టినా, ఇష్టమైనది తిన్నా ఏమీ అనిపించకపోతే, రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉంటే, నిద్ర, ఆకలి మారిపోతే, నేను లేకపోతేనే వీళ్లందరికీ బాగుంటుంది అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పైన రాసినవన్నీ పక్కన పెట్టి డాక్టరును కలవండి. ఆ ఆఖరిది వస్తే అదే రోజు ఇంట్లో ఒకరికి చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలిమానస్, నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్, మానసిక, నరాల జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి, ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్లు జంకుతారు, అక్కడికి వెళ్తే ముద్ర పడుతుందని. బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ అని వేరుగా ఉంది, మామూలు ఒత్తిడి, కుటుంబ సమస్యల కోసం వచ్చేవాళ్ల కోసమే పెట్టారు. ఇన్సూరెన్స్ గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలి. మీ పాలసీలో ఎంతవరకు ఉందో చదువుకోండి.

రెండు విషయాలు మీరు రాయలేదు. పాప రాత్రిపూట లేస్తుందా, లేస్తే ఎవరు లేస్తారు? ఇంకా పాలిస్తున్నారా? దాన్ని బట్టి నేను నిద్ర గురించి చెప్పిందాంట్లో కొంత మారుతుంది. రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాక వాటిని ముందు మీ డాక్టరుకు చూపించి, ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి. కాగితం రాశాక అందులోంచి మీవారు ఏవి తీసుకున్నారో కూడా రాయండి. గ్యాస్ తీసుకుంటారని నా అంచనా. ప్లేస్కూల్ వాట్సాప్ గ్రూపు ఎవరూ తీసుకోరు, దాన్ని ఎలా అప్పజెప్పాలో అప్పుడు మాట్లాడుకుందాం.